బిడ్డల సేవలో కైంకర్యమర్యాద

మంచి మనస్సుతో చేసిన సేవ యంతయు మంచి సేవయే యగునా? ఈ ప్రశ్నకు లోకము సాధారణముగా ‘అవును’ అనియే బదులు చెప్పును. సేవించువాడు కూలి కోరుట లేదు, పేరు కోరుట లేదు, తన కాలమును తన ధనమును వెచ్చించుచున్నాడు. అట్టివానిని ప్రశ్నించుట యేల యని తోచుట సహజము. కాని శ్రీవైష్ణవ సంప్రదాయము ఈ విషయమున అంత తొందరపడలేదు. భగవంతునకు ఒక్క పూవు సమర్పించుటకే వేళ యున్నది, శుద్ధి యున్నది, అధికారము ఉన్నది. అంతియే కాదు, సేవాపరాధములని 32 దోషములను పెద్దలు వేరుగా లెక్కించి చెప్పినారు. ఈ పట్టికను సావధానముగా చూచినచో ఒక విశేషము గోచరించును. అది శత్రువుకై వ్రాసినది కాదు. ద్వేషించువాడు గుడి గడపయే తొక్కడు, వానికి ఆ పట్టికతో పనియే లేదు. అది భక్తితో వచ్చి, చేతులు కట్టుకొని, ‘సేవ చేసెదను’ అని నిలుచున్నవానికై వ్రాసినది.

ఈ విచారమునకు ఇప్పుడు అవసరము కలదు. 2000వ సంవత్సరమున తిరుమలలో శ్రీవారి సేవ ఆరంభమైనది మొదలు, ఊరూర గృహస్థులు సేవా కండువా ధరించి కొండకు వచ్చుచున్నారు. క్యూలలో యాత్రికులకు నీరందించి, అన్నప్రసాదము వడ్డించి, తిరిగి యిల్లు చేరిన పిదప ఆ అలవాటు వారిని ఊరకుండనీయదు. తమ యూరిలోనే ఏదేని చేయవలెనని బయలుదేరి, తల్లిదండ్రుల నీడ లేని పిల్లలను పోషించు గృహములకు, చెదరిన సంసారములకు తోడ్పడు సంస్థలకు పోవుచున్నారు. ఇది హర్షింపదగినదే. దేవస్థానమువారే 1943లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర బాలమందిరమును నెలకొల్పి, దిక్కులేని బిడ్డల పోషణము దైవకార్యమేయని చూపినారు. అయితే క్యూలో నీరందించుట వేరు, బిడ్డ జీవితమున ప్రవేశించుట వేరు. మొదటిదానిలో పొరపాటు జరిగినచో నీరు ఒలుకును.

అర్చావతారమును గూర్చి పరాశర భట్టరు శ్రీరంగరాజస్తవమున సెలవిచ్చిన భావమొకటి ఇచ్చట స్మరింపదగినది. సర్వస్వతంత్రుడైన పరమాత్మ అర్చామూర్తియై వేంచేసినప్పుడు తన సమస్తస్థితిని అర్చకుని యధీనము గావించుకొనినాడట. అర్చకుడు చేయించినప్పుడే స్నానము, నివేదించినప్పుడే ఆరగింపు, పవళింపజేసినప్పుడే శయనము. అర్చకుడు జాగు చేసినను స్వామి సహించి యుండును గాని పల్లెత్తి మాటాడడు. ఈ పారతంత్ర్యమును విన్న భక్తుని కన్ను చెమర్చును. మరి ఇది అర్చకునికి చనువు నొసగవలెనా, భయము నొసగవలెనా? భయమునే యని పెద్దల మతము. ఎదుటివాడు తనపై ఎంతగా ఆధారపడి యున్నాడో, అంతగా తన నడవడి కట్టుబడి యుండవలెను.

ఆశ్రయగృహమందలి బిడ్డయు పెట్టినది తినును, చూపిన చోట పండుకొనును, వచ్చిన పెద్దవారికెల్ల నమస్కరించును. వారిలో ఎవరు మంచివారో ఎంచుకొను స్వాతంత్ర్యము ఆ బిడ్డకు లేదు. ఐనను అర్చామూర్తికిని ఈ బిడ్డకును గల సామ్యము కంటె భేదమే మనలను ఎక్కువ హెచ్చరింపవలెను. స్వామి ఆ పారతంత్ర్యమును తన యిచ్ఛచే గైకొన్నాడు, బిడ్డకు అది విధిలేక వచ్చినది. స్వామి యపచారమును సహించినను ఆయనకు లోటు లేదు, బిడ్డ సహించినచో ఆ గాయము జీవితాంతము ఉండిపోవచ్చును.

ఇట్టి సంస్థలకు సేవకు పోయినవారికి మొట్టమొదట ఎదురగునవి కాగితములు. పేరు, ఊరు, వృత్తి, తమ్మెరిగిన ఇద్దరి చిరునామాలు, పోలీసువారి విచారణ పత్రము. పిమ్మట కట్టుబాట్లు: బిడ్డతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు, చెప్పక బయటకు తీసికొనిపోరాదు, చాటుగా కానుక లీయరాదు, సొంత ఫోను నంబరు ఈయరాదు, వచ్చిన వేళయు పోయిన వేళయు రిజిస్టరులో వ్రాయవలెను. జీవితమంతయు గౌరవముగా గడిపిన పెద్దమనిషికి ఇది చివుక్కుమనిపించును. ‘దొంగను చూచినట్లు చూచుచున్నారు, ఇంత యవమానము పడి సేవ చేయవలెనా?’ యని మరునాటినుండి మానివేసిన వారును ఉందురు.

ఆ పెద్దమనిషి పరకామణిని తలచుకొనవలెను. శ్రీవారి హుండీ కానుకలను లెక్కించుటకు కూర్చుండువారు పంచె మాత్రము కట్టి, పైన చొక్కా లేక లోపలికి పోవుదురు. బయటకు వచ్చునపుడు తనిఖీ చేయించుకొందురు. వారిలో బ్యాంకులలో పెద్ద యుద్యోగములు చేసినవారు కలరు, నిత్యము సంధ్య వార్చువారు కలరు. ఎవ్వరును ‘నన్ను శంకించినారు’ అని అలుగరు. ఆ సొమ్ము స్వామిది కనుక ఆ నియమము అందరికి ఒక్కటే యని వారెరుగుదురు, పైగా ఆ సేవ దొరకుటయే భాగ్యమని సంతోషింతురు. రూపాయి నాణెమునకు అంత కాపు ఉచితమైనపుడు ఆడపిల్లకు, మగపిల్లవానికి అందులో సగమైనను ఉండవలదా? పరీక్ష అందరికిని ఉన్నపుడే అది అవమానము కాక మర్యాద యగును. పలుకుబడి గలవారిని తప్పించి పేదవారిని మాత్రము పరీక్షించినచో అప్పుడు దానిని అవమానమనవచ్చును. అట్టి మినహాయింపులు కొన్ని చోట్ల జరుగుచుండుట విచారకరము, అపాయకరము కూడ.

పరీక్ష మన విద్యాసంప్రదాయమునకును కొత్త కాదు. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుని యొద్దకు సమిధలు చేతబట్టి వచ్చిన ఆర్గురును సామాన్యులు కారు, బ్రహ్మనిష్ఠులే. అయినను ఆ మహర్షి వారిని మరియొక సంవత్సరము తపోబ్రహ్మచర్యములతో, శ్రద్ధతో తన యొద్ద నివసించి పిదప అడుగుడని చెప్పినాడు. వారు నొచ్చుకొన్నట్లు ఉపనిషత్తు చెప్పదు.

ఇక ఇంకొక యాక్షేపము కలదు. ‘ప్రేమ యున్నచోట నియమమేల? ఇన్ని జాగ్రత్తలు ప్రేమను ఎండగట్టవా?’ అని. ఈ యాక్షేపమునకు పెరియాళ్వారుల చరిత్రమే సమాధానము. మధురలో పాండ్యరాజు సభలో పరతత్త్వమును నిర్ణయించి, ఏనుగు నెక్కి ఊరేగుచున్న ఆయనకు స్వామి గరుడారూఢుడై ప్రత్యక్షమైనాడు. మరియొకరైనచో వరము కోరియుందురు. ఆయనకు మాత్రము, కాలమునకు లోబడిన ఈ లోకమున, ఇందరి కన్నుల యెదుట, ఇంత సుకుమారుడు నిలిచినాడే, ఏ దృష్టిదోషము తగులునో యని గుండె దడదడలాడినది. వెంటనే పల్లాండు పాడినారు. సర్వరక్షకునికే రక్ష కోరినారు! అందరికంటె ఎక్కువగా ప్రేమించినందుననే ఆయన ఆళ్వారులలో ‘పెరియ’ ఆళ్వారైనారని పూర్వుల యాశయము. అట్టి ప్రేమ మొదట తలచినది అపాయమును గూర్చి. తులసివనమున దొరకిన ఆండాళమ్మను పెంచిన చేతులును ఆ పెరియాళ్వారులవే కదా. కావున గది తలుపు తెరచియుంచుడని చెప్పు నియమము ప్రేమకు విరోధి కాదు.

సేవకునికి వచ్చు చిక్కులలో కఠినమైనది రహస్యము. నెలల తరబడి పాఠము చెప్పిన అమ్మాయి ఒకనాడు దగ్గరకు వచ్చి, “అక్కా, ఎవ్వరితోనూ చెప్పనని ఒట్టు వేస్తేనే ఒక మాట చెబుతాను” అనును. ఆ మాట యేదో వినకముందే జాలి గుండెలో పొంగును, ఒట్టు నోటికి వచ్చును. ఆ క్షణమున ఆగవలెను. చెప్పబోవునది తనవారే చేసిన కీడు కావచ్చును. ఒట్టు వేసి పిమ్మట చెప్పినచో బిడ్డకు లోకముపై నమ్మకము పోవును. ఒట్టు నిలుపుకొన్నచో కీడు సాగుచుండును.

ఈ ధర్మసంకటమునకు మహాభారతమున కర్ణపర్వమునందు దారి కలదు. తన గాండీవమును మరియొకరి కిమ్మన్నవానిని చంపుదునని అర్జునునకు వ్రతము. ధర్మరాజు నోట ఆ మాట రాగానే అర్జునుడు కత్తి దూసినాడు. అప్పుడు శ్రీకృష్ణుడు కౌశికుని కథ చెప్పినాడు. ఎన్నడును అసత్య మాడనని వ్రతము పట్టిన కౌశికుడు, దొంగలు తరుముకొని రాగా అడవిలో దాగినవారి జాడ అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పినాడు. దొంగలు వారిని చంపిరి. ఆ సత్యవాది నరకమునకు పోయినాడు. వ్రతమును అక్షరమున నిలిపి, వ్రతము దేనికొరకో దానిని చెరచినందులకు అది ఫలము. బిడ్డ కడుపున దాచుకొన్న బాధను ‘మాట యిచ్చితిని’ అని మూటగట్టి యుంచుటయు కౌశికుని సత్యము వంటిదే.

కనుక ఒట్టు వేయక ముందే మెల్లగా చెప్పదగిన మాట యిది: “నీకు కీడు కలిగించే సంగతి అయితే, నిన్ను కాపాడగలవారికి చెప్పక తప్పదమ్మా. ఎవరికి చెబుతానో నీకు ముందే చెబుతాను. వింటాను, చెప్పు.” బిడ్డ చెప్పవచ్చును, ఆనాటికి చెప్పకపోవచ్చును. చెప్పినచో నోరు మెదపక వినవలెను, ‘ఎందుకు పోతివి? ముందే యేల చెప్పలేదు?’ అని గుచ్చి గుచ్చి అడుగరాదు. లైంగిక నేరములనుండి బాలలను రక్షించుటకు 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము అట్టి నేరము తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరవలెను, దాచుట శిక్షార్హము. నిందితుడు ఎంత పెద్దవాడైనను, సంస్థకు ఎంత చెడ్డపేరు వచ్చునను భయమున్నను, ఈ విధి తప్పదు. దిక్కు తోచనివారు 1098కి ఫోను చేయవచ్చును. 1996లో బొంబాయిలో మొదలైన ఈ ఏర్పాటు నేడు దేశమంతటను బాలల మొర వినుచున్నది.

దానముల సంగతి. భగవద్గీత పదునేడవ యధ్యాయమున దేశమును, కాలమును, పాత్రమును ఎరిగి యిచ్చిన దానమే సాత్త్వికమని స్వామి నిర్ణయించినాడు. పుట్టినరోజులకు, పితృదేవతల తిథులకు ఆశ్రయగృహములలో అన్నము పెట్టించు ఆచారము ప్రబలినది. మంచిదే. కాని పిల్లలను వరుసగా నిలువబెట్టి, దాత చేతినుండి మిఠాయి అందుకొనుచుండగా ఫోటోలు తీసి, ఆ సాయంకాలమే సెల్‌ఫోనులో నలుగురికి పంపుట యేమి దానము? ఆ బొమ్మను రేపు ఆ పిల్ల బడిలోని తోటిపిల్లలు చూతురు. బాలల న్యాయమునకు సంబంధించిన 2015 నాటి చట్టము రక్షణ కోరి వచ్చిన బిడ్డ పేరుగాని, చిరునామాగాని, ఆనవాలు తెలియజేయు మరి యేదిగాని పత్రికలలోను ఇతర సాధనములలోను ప్రకటింపరాదని శాసించినది. చట్టము మాట అటుంచి, ఇంటిలో తన మనుమరాలు అన్నమునకు చేయి చాచిన బొమ్మను ఏ తాతయైనను ఊరంతకు పంచునా? ‘మీ అమ్మానాన్నలు ఏమైనారు?’ అని భోజనపు పంక్తిలో అడుగుటయు ఇట్టిదే. ఆ ప్రశ్న అడిగినవారికి ఒక్కసారి, ఆ బిడ్డకు వారమునకొకసారి.

అట్టి గృహములలోని బిడ్డలందరును అనాథలని తలచుటయు పొరపాటు. తల్లి యుండి, తండ్రి యుండి, పేదరికముచే, వ్యాధిచే, తాగుడుచే విడిపోయి వచ్చినవారు అనేకులు. 2015 చట్టము బిడ్డను సంస్థలో ఉంచుట కట్టకడపటి యుపాయముగానే చెప్పినది, తగిన కుటుంబముండగా అదే బిడ్డకు చోటు. 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనలలో అర్హులైన బిడ్డలను ఇంటిలోనే ఉంచి పోషించుటకు నెలకు 4,000 రూపాయల సాయము ఏర్పరచబడినది. భర్త పోయిన తల్లికి ఈ దరఖాస్తు వ్రాసిపెట్టి, కాగితములు సమకూర్చి, బాలల సంరక్షణ కార్యాలయమునకు తోడు పోవుట ఒక పూట అన్నదానము కంటె తక్కువ పుణ్యము కాదు. అయితే ఎవరును ఫోటో తీయరు.

కడపట చెప్పవలసినది విడిపోవుటను గూర్చి. శ్రీమద్భాగవత పంచమస్కంధమున భరతమహారాజు ఏటిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను కరుణతో తీసి పెంచినాడు. కరుణ తప్పు కాదు. అది ‘నాది’ యైనపుడు ఆయన నియమములు ఒకటొకటిగా జారిపోయినవి, తుదకు లేడియై పుట్టవలసి వచ్చినది. సేవకు వచ్చినవారిలో కొందరికి ఒక బిడ్డపై ఇట్టి మమకారము కుదిరి, తక్కిన బిడ్డలు కనబడరు. ‘నిన్ను మా యింటికి తీసికొనిపోదును’ అని యందురు. అది వారి చేతిలో లేని మాట. బిడ్డ నమ్మి మూట కట్టుకొని గుమ్మమున కూర్చుండును. దీనికి భిన్నముగా రఘువంశమున దిలీపుడు నందినిని సేవించిన తీరు చూడుడు. అది నిలిచిన నిలిచి, నడచిన నడచి, 21 దినములు ఒక్కనాడైనను తప్పలేదు. గోవు వసిష్ఠునిదనియు, తాను కావలివాడననియు ఆ చక్రవర్తి మరువలేదు.

వారమున కొక్క గంటయే వీలగునేని ఒక్క గంటయే చెప్పి, ఆ గంటకు తప్పక రావలెను. రాలేని శనివారమున ముందుగా కబురు పంపవలెను. ఉద్యోగపు బదిలీయో, ఆరోగ్యమో, మరొక కారణముననో మానవలసి వచ్చినచో చెప్పక మాయము కారాదు. అట్లు మాయమైనవారిని ఆ బిడ్డలు అదివరకే చూచియున్నారు. కొన్ని వారములకు ముందే చెప్పి, శ్లోకమో లెక్కయో ఎచ్చట ఆగినదో పుస్తకమున వ్రాసి, తరువాత వచ్చువారిని వెంట తెచ్చి పిల్లలకు చూపవలెను. “మామయ్యా, మళ్ళీ ఎప్పుడొస్తావు?” అని ఎవరైన అడిగినచో, రానని తెలిసియున్నపుడు రానని చెప్పవలెను. ఆ బిడ్డ కొంతసేపు ఏడ్చును. కొత్తగా వచ్చిన మామయ్య ఆ శనివారము పాఠము మొదలుపెట్టుటకు కొంచెము ఆలస్యమగును.