వంతెన క్రింది నేల

ఒక పల్లెలో పాతవంతెన పగుళ్లు విచ్చినది. దానిని తొలగించి క్రొత్తది కట్టవలెను. పునాదిగోతులు త్రవ్వుటకు ముందు పురాతత్త్వజ్ఞుడు వచ్చి ఆ నేలను పరిశీలించుట న్యాయమా, లేక గతించినవారి పేరిట బ్రతికియున్నవారి అవసరమునకు అడ్డుపడుటయా? వానకాలమున రోగిని మంచముపై మోసి ఏరు దాటించువారి ఎదుట నిలిచి ఈ ప్రశ్నకు బదులు చెప్పుట సులభము కాదు.

పరిశీలకులు పాత పటములు చూతురు. పొలములలో వరుసలు తీరి నడచి, పైకి తేలిన కుండపెంకులను ఏరి, ఏది ఎచ్చట దొరకినదో వ్రాసికొందురు. అనుమానమున్న చోట చిన్న గోతులు తీసి మట్టిపొరలను చదువుదురు. ఒకసారి చెదరిన పొరను మరల పేర్చుట ఎవరి తరమును కాదు. నిజమునకు త్రవ్వు పురాతత్త్వజ్ఞుడును ఆ పొరను చెరపువాడే. చెరపుచున్నదానిని వ్రాసి ఉంచును గనుకనే అతనికి క్షమ.

ఇచ్చట తేల్చుకొనవలసిన చిక్కు ఒకటి కలదు. తెలియక చేసిన నష్టమునకు మనుష్యుడు బాధ్యుడగునా? రైలుపట్టాలను నమ్మి పెరిగిన ఖరగ్‌పూరులో, తెలుగుమాట వినవచ్చు గోల్‌బజారులో, ఈ ప్రశ్న వేయదగినదే. ఏలయన 19వ శతాబ్ది మధ్యకాలమున లాహోరు–ముల్తాను రైలుమార్గము వేయునపుడు హరప్పా దిబ్బల ఇటుకలు పట్టాల క్రిందికి కంకరగా పోయినవి. తీసినవారు దుష్టులు కారు. వారి కంటికి అది చేరువలో దొరకిన మంచి ఇటుక. ఆ నాగరికత ఎంత ప్రాచీనమో లోకమునకు వెల్లడియైనది 1924లో. కనుక వారిని క్షమింపవచ్చును. హరప్పా తరువాత పుట్టినవారికి ఆ క్షమ చెల్లదు. ఏటిగట్టున ఉన్న మట్టిదిబ్బ ఏదైనను కావచ్చునని వారికి తెలియును. చూడకుండుట ఇక వారు కోరి చేసిన పనియే యగును.

చూచిన పిదప కాపాడియే తీరవలెనా? గోల్‌బజారు తెలుగువారి పూర్వుల సీమలోనే ఇందుకు ఉదాహరణమున్నది. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగినది. నీట మునుగనున్న నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున త్రవ్వకములు సాగినవి. రాతియుగపు పనిముట్లు మొదలు ఇక్ష్వాకుల కాలపు విహారముల వరకు వెలికివచ్చినవి. కొన్ని కట్టడములను కొండపైకి చేర్చి తిరిగి నిలిపిరి, తక్కినది నీటిపాలైనది. పొలములకు నీరు కావలెను, ఆ నిర్ణయమును తప్పుపట్టుట కష్టము. పోవుచున్నదేమో ఎరిగి పోగొట్టుకొనిరి, అంతే. ఆ లోయను విడిచిన పల్లెవారి ఇండ్లను మాత్రము ఎవరును రాతికి రాయి పేర్చి కొండపై నిలుపలేదు. ఈ మాట పురాతత్త్వమును మెచ్చుకొనువారికి రుచింపదు గాని, చెప్పక తప్పదు.

ఖరగ్‌పూరునకు దక్షిణమున, దాంతన్ సమీపమున మొగల్‌మారి అను పల్లె కలదు. 2003–04 నుండి కలకత్తా విశ్వవిద్యాలయమువారు అశోక్ దత్తా ఆధ్వర్యమున అచ్చట త్రవ్వగా ఇటుకల బౌద్ధవిహారము, గారతో మలచిన మూర్తులు బయల్పడినవి. పండితులు రాకమునుపు ఊరివారు దానిని సఖిసేనా దిబ్బ అనిరి. జానపదకథలోని సఖిసేన చదివికొన్న పాఠశాల అదియేనని చెప్పుకొనిరి. పేరు తప్పినను, అది చదువుల చోటని జనము మరువలేదు! కనుక వంతెన పల్లెలోను పటములు విప్పుటకు ముందు అడుగవలసినవారు వృద్ధులు. పూర్వము పడవరేవు ఎచ్చట ఉండెడిదో, ఏ చేనిలో నాగలికి ఇటుకలు తగులునో వారు చెప్పగలరు.

జాప్యమగునను ఆక్షేపణ ఒకటి మిగిలియున్నది. వంతెన అంచనా కాగితములు ఒక కచేరినుండి మరియొక కచేరికి నడచు నెలలలో పొలములవెంట నడచుటకు కావలసినంత తీరిక దొరకును. వాన ముంచుకొనివచ్చు తరుణమైనచో, ఏటికి తాత్కాలికపు దారి ముందు వేయించి, పిదప గోతుల దగ్గరకు పోవచ్చును.