చూడవలసిన వాటి పట్టీ



మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుటుంబాలు బెంగళూరులో విమానమెక్కి దుబాయి చూసిరావడం నేడు వింత కాదు. 2010లో తెరిచిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా పట్టీలో మొదట ఉంటుంది. చూడాలనే కోరిక తప్పా? కాదు. కంటిచూపు జ్ఞానానికి ద్వారమని అరిస్టాటిల్ ఏనాడో గుర్తించాడు. అయితే పునీత తోమాస్ అక్వినాస్ గారు తెలుసుకోవాలనే శ్రద్ధను సుగుణమన్నారు. ముఖ్యమైనదాన్ని విడిచి పరుగులు తీసే కుతూహలాన్ని దోషమన్నారు.

మరి ముఖ్యమైనదేది? మన వీధి ఆడపడుచు అదే నగరంలో ఎవరింటనో వంట చేస్తూ ఉండవచ్చు. ఆమెకు ఒక్క పూట కేటాయించని ప్రయాణంలో మనం భవనాలను చూస్తాం గాని నగరాన్ని చూడం.

ఆమెకు తీరికెక్కడిది అంటారా? అక్కడి 2022 చట్టం ఇంటిపనివారికి వారానికొక రోజు జీతంతో సెలవు ఇచ్చింది. టిక్కెట్టు కొనకముందే ఆ రోజేదో ఆమెను అడగండి. ఔద్ మెథాలోని మరియమాత దేవాలయంలో కలుసుకోండి. జాలిపడటానికి కాదు, ఆమె కళ్లతో ఆ ఊరిని చూడటానికి. సెలవు దొరకలేదంటే, ఆ సంగతి తెలియడమూ నగరాన్ని చూడటమే.

బయలుదేరేముందు ఆమె తల్లి గడప తొక్కండి. ఆ తల్లి ఇచ్చే పచ్చడి సీసాకు మీ పెట్టెలో చోటుందా?