మనది కాని గుర్తు

ధ్యానమునకు: 2 సమూయేలు 15:1-6, అపొస్తలుల కార్యములు 19:13-16



మన పట్టణములలో ఏ కూడలియందైనను ఒక పూట నిలిచి చూచినయెడల ఒక వింత కనబడును. కారు సొంతది. అందులో కూర్చున్నవాడు తన దుకాణమునకో, బంధువుల ఇంట పెండ్లికో పోవుచున్నాడు. అయినను ముందు అద్దముమీద 'పోలీస్' అని అంటించియుండును. లేదా నంబరు ప్లేటుపైన ఎఱ్ఱని పలకమీద 'ఆన్ గవర్నమెంట్ డ్యూటీ' అని వ్రాసియుండును. బంపరు సందున ఎఱుపు, నీలము దీపములు మినుకు మినుకుమనుచుండును. హారను నొక్కినచో సైరను కూయును. విచారించి చూడగా ఉద్యోగమున్నది ఆయన బావమరిదికి. లేదా ఉద్యోగము విరమించి పదియేండ్లైన తండ్రికి.

"ఇందులో పాపమేమున్నది? మేమెవరిని ఆపి సొమ్ము గుంజలేదు. నోట అబద్ధమాడలేదు. కారుకు పూలదండ వేసినట్లే ఇదియు ఒక అలంకారము" అని మన సంఘస్థులే కొందరు మాతో అనియున్నారు. ఈ ప్రశ్నను త్రోసివేయక వాక్యపు వెలుగులో ఆలోచింతము.

ముందు దేశ చట్టము సంగతి. ఒకప్పుడు బుగ్గకారు కనబడగానే జనులు ప్రక్కకు ఒదిగెడివారు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఎఱ్ఱబుగ్గను ఉన్నత రాజ్యాంగ పదవులలోనున్నవారికే పరిమితము చేసెను. 2017 మే 1 నుండి కేంద్ర ప్రభుత్వము వారికిని, మంత్రులకును కూడ దానిని తీసివేసెను; అట్టి దీపములు అత్యవసర సేవల వాహనములకు మిగిలెను. పలు స్వరముల హారను అంబులెన్సు, అగ్నిమాపక, పోలీసు వంటి బండ్లకే గాని సొంత కార్లకు తగదు. నాలుగు సింహముల ముద్రను కాపాడుటకు 2005లో చేసిన చట్టమొకటి యున్నది. ప్రభుత్వోద్యోగిగా నటించుటయు, జనులు నమ్మవలెనని ఆ ఉద్యోగి గుర్తులను ధరించుటయు 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 204, 205 సెక్షన్ల క్రింద నేరములు. క్రైస్తవునికి ఇంతమాత్రమే చాలియుండవలెను. కాని చట్టము చేతిని పట్టుకొనును గాని హృదయమును మార్చజాలదు. కాబట్టి హృదయమును గూర్చి ఆలోచింతము.

అబ్షాలోము దావీదు కుమారుడే. అది అబద్ధము కాదు. అయినను అతడు రథమును గుఱ్ఱములను సమకూర్చుకొని, తనకు ముందుగా పరుగెత్తుటకు ఏబదిమందిని పెట్టుకొనెను. ఆ దినములలో అదియే సైరను, అదియే ఎఱ్ఱబుగ్గ. రాజు కుమారుడగుట వేరు, రాజగుట వేరు. తండ్రికున్న అధికారము రక్తముతోపాటు కుమారునికి దిగివచ్చునది కాదు. మొదట అతడు కోరినది జనుల కన్నులే. పిదప వారి హృదయములను దొంగిలించెను. కడకు తండ్రి సింహాసనముమీదనే చేయి వేసెను. అలంకారముగా ఆరంభమైనది తిరుగుబాటుగా ముగిసెను. సిందూర వృక్షమునకు చిక్కుకొని అతడు వ్రేలాడిన దినమున క్రిందనున్న కంచరగాడిద సాగిపోయెను. ముందు పరుగెత్తిన ఆ ఏబదిమంది ఊసే అక్కడ కనబడదు.

ఇది నిజముగా ఒట్టి అలంకారమేనా? పూలదండ ఎవరికిని ఆజ్ఞ ఇయ్యదు. సైరను ఇచ్చును. "దారి ఇయ్యుడి, లోపల ఒక ప్రాణమున్నది" అని అది వేడుకొనును. ఆ మాట నమ్మి ఆటోవాడు బండిని మురుగు కాలువ అంచువరకు ఒత్తును. బిడ్డను ఎత్తుకొన్న తల్లి రోడ్డు దాటక నిలిచిపోవును. తీరా దాటిపోయినది పెండ్లికి పోవు కారని చూచినప్పుడు వారి నమ్మకములో కొంత తరుగును. మరునాడు 108 బండి అదే కూడలికి వచ్చి కూసినప్పుడు, "ఇదియు అట్టిదే" అని ఒకడు కదలక నిలుచును. దారి ఇయ్యనివానికి పదివేల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చునని చట్టమున్నది. కాని అతని హృదయమును కఠినపరచిన మన వంతు మాటేమి? నోరు విప్పకుండ చెప్పిన అబద్ధమునకును మూల్యమున్నది; దానిని చెల్లించువాడు ఆ స్ట్రెచరుమీద పడియున్న రోగి.

"సామాన్యునికి మర్యాద ఎక్కడ దొరకుచున్నది? ఆ స్టిక్కరు లేనిచో తనిఖీ దగ్గర నన్ను 'ఒరేయ్' అని పిలుతురు" అని మరియొకరు చెప్పుదురు. ఈ మాటలోని బాధ నిజమైనది. దానిని మేము కాదనము. కాని స్టిక్కరు వలన తప్పించుకొన్నది నీవొక్కడవే. నీ వెనుక స్కూటరుమీద నిలిచియున్న కూలివాడు ఆ 'ఒరేయ్' పడుచునే యున్నాడు. పౌలు పుట్టుకతోనే రోమా పౌరుడు. ఫిలిప్పీలో బెత్తముల దెబ్బలు తిని, చెరలో రాత్రి గడపిన పిదప, మరునాడు గాని న్యాయాధిపతులకు ఆ సంగతి తెలియలేదు. అప్పుడైనను అతడు దానిని చెప్పినది అన్యాయము అన్యాయమని తేలుటకే. నిజముగా ఉన్న హక్కునే అతడు అంత మితముగా వాడగా, మనకు లేని హక్కును మనము బంపరుమీద మోయుచుందుమా?

ఇంతవరకు ఇతరుల కార్లను చూచితిమి. ఇప్పుడు మన కార్లను చూతము. కొందరు వైద్యులు, ఆసుపత్రి పనివారు అద్దముమీద ఎఱ్ఱని శిలువ అంటింతురు. అది రెడ్‌క్రాస్ వారి గుర్తు. 1960 నాటి జెనీవా ఒడంబడికల చట్టము ప్రకారము ప్రభుత్వ అనుమతి లేనిదే ఎవరును దానిని వాడరాదు. యుద్ధభూమిలో గాయపడినవానిని కాపాడు గుర్తు అది. కారు నిలుపుటకు చోటు సంపాదించునది కాదు.

మరి మన కారు వెనుక వ్రాసికొన్న యేసు నామము మాట? అదియు ఒక అధికార చిహ్నమే. మనము క్రీస్తు రాయబారులమని అపొస్తలుడు వ్రాసియున్నాడు. కాబట్టి ఆ నామమును మోయుటకు మనకు సెలవున్నది. కాని స్కెవ కుమారులు ఏడుగురు ఆ నామమును మంత్రమువలె వాడినప్పుడు, దురాత్మ యేసును పౌలును ఎరుగుదునని చెప్పి, "మీరెవరు?" అన్న ప్రశ్న వేసెను. వారికి ఉత్తరము లేకపోయెను. ఆ నామము అంటించిన కారు ఎదురుదారిన దూసికొని వచ్చినప్పుడు, నడచిపోవువానిమీద బురద చిమ్మి ఆగక పోయినప్పుడు, లోకము మనలను అడుగు ప్రశ్న అదియే. ఇట్టి బండి నడపునది వేషధారి కాడా? ఇందులో మేమును నిర్దోషులము కాము.

నిజమైన రాజు యెరూషలేములో ప్రవేశించిన విధము చూడుడి. ఆయన ఎక్కినది అడిగి తెచ్చుకొన్న గాడిదపిల్ల. దానిని మరల పంపుదుమని మాట ఇచ్చి తెచ్చిరి. సకలాధికారము గలవాడు ఏ గుర్తును తగిలించుకొనలేదు. ఏమియు లేని మనము తగిలించుకొనుచున్నాము.

కాబట్టి ఈ వారము ఒక పని చేయుదము. మన బండిమీద మనది కాని గుర్తు ఏదైన నున్నయెడల, నీళ్లు తడిపి గోరుతో గీకి తీసివేయుదము. సైరను వినబడినప్పుడు, మోసపోవుదుమేమో యని సందేహింపక దారి ఇచ్చి, లోపలనున్న ప్రాణము కొరకు ఒక్క మాట ప్రార్థింతము. మోసము చేసినవాని లెక్క దేవుడు చూచుకొనును. మనము దారి ఇచ్చినవారి లెక్కలో నుందుము గాక. ఆమేన్.