దాచుకోవడం దొంగతనం కాదు

"తప్పు చేయనివాడికి దాచుకోవాల్సింది ఏముంటుంది సార్?" అని ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగాడు. మనం ఫోన్లో పంపుకునే మాటలను ప్రభుత్వం చూడవచ్చా అని పాఠం మధ్యలో చర్చ వచ్చింది. పెద్దవాళ్లు కూడా ఈ ప్రశ్నే అడుగుతుంటారు. ఎరుకల ఇంట పుట్టి బడిపంతులునైన నేను దీనికి చెప్పగల జవాబు ఇది.

నేను హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఒకరి చేతి గడియారం పోయింది. మొదట తెరిచింది నా ట్రంకుపెట్టెనే. గడియారం దొరకలేదు. మా అమ్మ ఎవరి చేతనో రాయించి పంపిన ఉత్తరం దొరికింది. నాన్న అప్పు సంగతి, చెల్లి జబ్బు సంగతి అందులో ఉన్నాయి. దాన్ని అందరి ముందూ పైకి చదివారు. నేను దొంగను కానని ఆ రోజే తేలిపోయింది. అయినా చాలా రోజులు తలెత్తుకుని తిరగలేకపోయాను. తప్పు చేయనివాడికీ దాచుకోవాల్సింది ఉంటుందని అప్పుడే తెలిసింది.

నా పెట్టెనే మొదట ఎందుకు తెరిచారు? ఆ అనుమానం వెనుక ఒకప్పటి చట్టం ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లను, ఇంకా ఎన్నో జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూశారు. పేర్లు నమోదు చేసి, వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం పోయింది, అనుమానం పోలేదు. అందరినీ కనిపెట్టి ఉంటే నేరాలు ఆగుతాయనే ఆలోచన ఎలా ఉంటుందో మన తాతలు అనుభవించి చూశారు.

ఇప్పుడు హాజరు పట్టీ బదులు ఫోన్ వచ్చింది. వాట్సాప్‌లో 2016 నుంచి ఎన్‌క్రిప్షన్ పూర్తిగా అమల్లో ఉంది. మన మాటకు మన ఫోన్లోనే తాళం పడుతుంది, అవతలివాళ్ల ఫోన్లోనే అది తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న కంపెనీ కూడా చదవలేదు. అయితే ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది ఈ తాళం దాచదు. పెగాసస్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్ ఫోన్లోకే చొరబడితే తాళం ఉన్నా లాభం లేదు.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు, బాంబులు పెట్టేవాళ్లు కూడా ఇదే తాళం వాడతారని ప్రభుత్వాలు అంటాయి. కొట్టిపారేయదగ్గ మాట కాదు. నా బడిలో ఒక పిల్ల తప్పిపోతే నేనే పోలీసుల దగ్గరికి పరుగెత్తి, అనుమానితుడి ఫోన్ వెతకమంటాను. కానీ ఆధారం చూసి ఒకడి ఇల్లు వెతకడం వేరు, ఊళ్లో అన్ని ఇళ్లకూ మారుతాళాలు చేయించి పెట్టుకోవడం వేరు. పోలీసు కోసం చేసిన మారుతాళం ఏదో ఒకనాడు దొంగ చేతికీ చిక్కవచ్చు. ఒక సందేశాన్ని మొదట పంపిందెవరో కనిపెట్టి చెప్పాలని 2021లో కేంద్రం నిబంధన పెడితే, వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది ఇలాంటి భయంతోనే.

మరి హద్దు ఎక్కడ? ఫోన్ ట్యాపింగుకు హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలని, దాన్ని ఒక కమిటీ సమీక్షించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ తీర్పు నుంచి మనం మూడు ప్రశ్నలు నేర్చుకోవచ్చు. దీనికి చట్టం ఉందా? న్యాయమైన అవసరం ఉందా? చేసే పని ఆ అవసరాన్ని మించిపోతోందా?

ఈ ప్రశ్నలను 1871 చట్టానికి వేసి చూడండి. మొదటి ప్రశ్నలో అది నెగ్గుతుంది, ఎందుకంటే అదే చట్టం. మిగతా రెండింటిలో ఓడిపోతుంది. చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్టు కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఈనాటికీ నిఘా కావాలని అడిగేదీ ప్రభుత్వమే, సరేననేదీ ప్రభుత్వ అధికారే. అక్కడ ఒక న్యాయమూర్తి సంతకం కూడా ఉండాలని నా అభిప్రాయం.

మా అవ్వ సోది చెప్పేది. ఎన్నో ఇళ్ల కష్టాలు ఆమె చెవిన పడేవి. ఒక గడపలో విన్నది ఇంకో గడపలో చెప్పేది కాదు. ఎరుక ఉన్నవాళ్లకు నోటికి కట్టు ఉండాలనేది. ఆ కట్టు ప్రభుత్వానికీ ఉండాలి, మన ఉపాధ్యాయులకూ ఉండాలి. పిల్లల సంచి వెతికే ముందు, ఫోన్ లాక్కుని చదివే ముందు మనమూ ఆ మూడు ప్రశ్నలు వేసుకుందాం.

ఆ పిల్లవాడికి నా ట్రంకుపెట్టె సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఉత్తరం తిరిగి ఇచ్చేశారా సార్?" అని అడిగాడు.

ఇచ్చారు. కానీ అందరూ విన్నదాన్ని వెనక్కి తీసుకోలేం గదా.