పైమడత, లోమడత



దశలక్షణ పర్వములో మూడవ దినము ఉత్తమ ఆర్జవమునది. మనస్సు, మాట, చేత ఒకటియై యుండుటయే ఆర్జవము. దానికి శత్రువు మాయ. క్రోధ, మాన, మాయా, లోభములను నాలుగు కషాయములలో కోపము ముఖముననే కనబడును. మాయ మర్యాద వేషముతో వచ్చును.

కోయంబత్తూరు, మదురలలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలోను అప్పుచేసి ఆడంబరముగా పెండ్లి చేయుట, ఉపవాసముండి నలుగురికి చాటుట కలదు. శాస్త్రము మాయను మూడు శల్యములలో నొకటిగా చెప్పినది. శల్యమనగా ముల్లు. ముల్లు దిగిన కాలికి ఎంత మంచి చెప్పు తొడిగినను నడక కుంటును. మాయతో పట్టిన వ్రతమును అంతే.

మదుర చేరువనున్న మాంగుళం కొండ గుహలలో సుమారు 2,200 ఏండ్లనాటి బ్రాహ్మీ శాసనములు గలవు. మునులకు ఆవాసమమర్చిన దాతలలో వెళ్ళరై వర్తక సంఘమువారి పేరును అందున్నది. పేరు చెక్కించుట దోషము కాదు. ఆ పేరుకు తగిన రాతిపడకలు నేటికిని అచ్చట నున్నవి. పడక లేని పేరే మాయ.

పైమడత మేలురకము, లోమడత నాసిరకముగా గుడ్డ అమ్మిన అంగడికి కొన్నవాడు మరల రాడు. మన మడత నెవరు విప్పి చూచినను చూడకున్నను, కర్మబంధము మాత్రము మనకే. కనుక లోమడతను ముందు సరిచేసికొందము.