కయ్యానికి, వియ్యానికి సమ ఉజ్జీ: ప్రాచీన ప్రపంచ వ్యూహక్రీడల్లో కృత్రిమ మేధ వర్తన, చారిత్రక న్యాయం

ప్రవేశిక

గతాన్ని వర్తమానానికి అందించే రూపాలు తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్తవి కావు. శాసనం, ప్రశస్తి, చారిత్రక కావ్యం, నవల, చలనచిత్రం ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ఆ పని చేశాయి. ఈ వరుసలో ఇటీవల చేరిన రూపం కంప్యూటర్ వ్యూహక్రీడ. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2019లో విడుదల చేసిన ‘ఇంపరేటర్: రోమ్’ క్రీ.పూ. 304లో ఆరంభమై, మధ్యధరా తీరం మొదలు భారతదేశం వరకు గల రాజ్యాలను ఒకే పటం మీద నిలుపుతుంది. ఆటగాడు ఒక రాజ్యాన్ని ఎన్నుకుంటాడు. తక్కిన రాజ్యాలన్నింటినీ కృత్రిమ మేధ నడుపుతుంది. ఇక్కడ కృత్రిమ మేధ అంటే నేడు ప్రచారంలో ఉన్న సంభాషణ యంత్రం కాదు. సాధ్యమైన చర్యలకు విలువలు కట్టి, వాటిలో ఎక్కువ విలువ గలదానిని ఎంచుకునే నియమావళి. ఆ నియమావళి ఎలా ప్రవర్తిస్తే చరిత్రకు న్యాయం జరిగినట్లు అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

సమతుల్యతకు రెండర్థాలు

ఆటల చర్చలో ‘సమతుల్యత’ అనే మాట రెండు భిన్నార్థాలలో వాడుకలో ఉంది. మొదటిది క్రీడాన్యాయం: ఏ పక్షం ఎంచుకున్నా ఆడటానికి తగిన అవకాశం ఉండాలి. రెండవది చారిత్రక న్యాయం: మౌర్య సామ్రాజ్యం, దాని పొరుగున ఉన్న చిన్న గణరాజ్యం ఒకే బలంతో కనిపించకూడదు. మొదటిది బతికి ఉన్న ఆటగాడి పట్ల బాధ్యత. రెండవది తమ తరఫున మాట్లాడలేని గతించినవారి పట్ల బాధ్యత. ఈ రెండింటి మధ్య ఘర్షణ అనివార్యమని సాధారణ అభిప్రాయం. అందుకే చారిత్రకత కోరేవారు ఫలితాలను ముందే కట్టడి చేయమంటారు: రోము పెరగాలి, మౌర్యులు విస్తరించి క్షీణించాలి.

ఈ కోరికలో ఒక నైతిక దోషం ఉంది. అశోకుని 13వ శిలాశాసనం కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షన్నర మంది చెరపట్టి తరలింపబడ్డారని చెప్పి, రాజు పశ్చాత్తాపాన్ని ప్రకటిస్తుంది. ఆంధ్రుల ప్రస్తావన ఉన్నదీ ఆ శాసనంలోనే. ఆ పశ్చాత్తాపం ఫలానా సంవత్సరంలో తప్పక జరిగే సంఘటనగా ఆటలో అమర్చితే అది పశ్చాత్తాపం కాదు, వాతావరణ మార్పు వంటిది. మరొకలా చేయగల అవకాశం ఉన్నవాడే తాను చేసినదానికి చింతించగలడు. పైగా, ఫలితాలను కట్టడి చేసిన ఆటలో స్వేచ్ఛ ఆటగాడి ఒక్కడికే మిగులుతుంది. తక్కిన లోకమంతా తోలుబొమ్మలాట అవుతుంది.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

ఫలితాలను విడిచిపెడితే, చారిత్రకతను బలాబలాల అంకెల్లో వెదకడం రెండవ మార్గం. ఆంధ్రుల విషయంలో ఆ అంకెలు లేకపోలేదు. ప్లినీ తన గ్రంథంలో ఆంధ్రులకు 30 కోటగోడల పట్టణాలు, 1,00,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని నమోదు చేశాడు. మెగస్తనీసు నుంచి గ్రహించినదిగా పండితులు భావించే ఈ లెక్క వ్యూహక్రీడకు అచ్చంగా సరిపోతుంది. కాని ఇది శక్తిని చెబుతుంది, సంకల్పాన్ని చెప్పదు.

కృష్ణా మండలాన్నే తీసుకుంటే ఈ లోపం స్పష్టమవుతుంది. విజయవాడ నుంచి మచిలీపట్నం పోయే రహదారి మీది కంకిపాడును, దాని పరిసరాలను ఆటపటంలో ఒక గడిగా ఊహిస్తే, ఆ గడికి నేటి పచ్చదనాన్ని చూసి అధిక సారవంతమన్న విలువ కట్టడం సులభం. అయితే నేటి డెల్టా వ్యవసాయానికి ఆధారమైన కాలువల వ్యవస్థ 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్టతో రూపుదిద్దుకున్నది. దానిని క్రీ.పూ. 304కు ఆరోపించడం కాలదోషం. ప్రాచీన కాలంలో ఈ తీరానికి పేరు తెచ్చినవాటిలో సముద్ర వాణిజ్యం ముఖ్యమైనది. టాలెమీ దీనిని మైసోలియా అన్నాడు; ఆయన పేర్కొన్న కొంటకొస్సిలను ఘంటసాలగా గుర్తించారు. నదికి ఆవలి ఒడ్డున భట్టిప్రోలు ధాతుకరండ శాసనాల్లో కుబేరకుడనే రాజుతోపాటు గోష్ఠి, నిగమం కనిపిస్తాయి. అంటే ఈ గడిలో నిర్ణయం తీసుకునే కర్త రాజు ఒక్కడే కాడు. రాజ్యాన్ని మాత్రమే కర్తగా గుర్తించే మేధకు వర్తక సంఘం ఎందుకు శాంతిని కోరుతుందో అర్థం కాదు.

గెలిచినవాడు ఎందుకు ఆగాడు?

విస్తరణకు పగ్గం వేసే ఏర్పాట్లు ఆటల్లో ఉన్నాయి. ‘ఇంపరేటర్’లో దురాక్రమణ పెరిగినకొద్దీ ఇరుగుపొరుగుల వైరమూ, లోపలి అసంతృప్తీ పెరుగుతాయి. ‘ఫీల్డ్ ఆఫ్ గ్లోరీ: ఎంపైర్స్’లో రాజ్యాన్ని భ్రష్టత్వం లోపలి నుంచి తొలిచివేస్తుంది. ఇవన్నీ జరిమానాలే, నష్టభయం చేత ఆగినవాడిని మాత్రమే ఇవి చిత్రిస్తాయి.

చరిత్రలో మరొక రకం ఆగడం ఉంది. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనం ప్రకారం మహాక్షత్రప రుద్రదాముడు దక్షిణాపథపతి అయిన శాతకర్ణిని రెండుసార్లు ఓడించి, సంబంధం దగ్గరిది కావడంచేత నిర్మూలించలేదు. ఒక సాతవాహన రాణి క్షత్రప వంశపు ఆడపడుచని కన్హేరి శాసనం సూచిస్తున్నది. రెండు శతాబ్దాల తరువాత సముద్రగుప్తుని అలహాబాదు స్తంభ శాసనం వేంగి హస్తివర్మతో సహా పన్నెండుగురు దక్షిణాపథ రాజులను పట్టి విడిచి అనుగ్రహించినట్లు చెబుతుంది. ఆ శాసనమే ఆర్యావర్త రాజులను పెకలించివేసినట్లు కూడా చెబుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం విజేతలను ధర్మవిజయి, లోభవిజయి, అసురవిజయి అని మూడుగా విభజించింది: మొదటివాడు లొంగుబాటుతోను, రెండవవాడు భూమి, ధనాలతోను తృప్తి పడతాడు, మూడవవాడు ప్రాణం కూడా తీస్తాడు. ఎదుటివాడు బలహీనపడగానే మింగే మేధ ఈ విభాగంలో చివరి ఇద్దరినే ఎరుగును.

కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని తెలుగు సామెత. సమతుల్యత పేరిట వ్యూహక్రీడ ఇందులో కయ్యపు సగాన్నే ప్రధానంగా గ్రహించింది. వియ్యాన్ని కర్మకు హేతువుగా నియమావళిలో చేర్చడం అసాధ్యమేమీ కాదు. మధ్యయుగాలను చిత్రించే ‘క్రూసేడర్ కింగ్స్’లో వివాహ సంబంధమే మైత్రికి పునాది. కనుక ఈ లోపం యంత్రశక్తికి సంబంధించినది కాదు, దేనిని లెక్కించదగినదిగా ఎంచారన్న వివేకానికి సంబంధించినది.

పూర్వపక్షం, సమాధానం

ప్రశస్తులు ఆత్మస్తుతులని, నిర్మూలించే శక్తి లేక బంధుత్వాన్ని సాకుగా చెప్పి ఉండవచ్చని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ బలమైనదే. అయినా, సాకు కూడా సాక్ష్యమే. రుద్రదాముడు అశక్తతను కప్పిపుచ్చుకున్నాడనుకున్నా, దానికి నిగ్రహాన్ని ఆచ్ఛాదనగా ఎంచుకున్నాడు. అంటే నిగ్రహానికి కీర్తి లభించే సమాజం ఆ శిల ముందు ఉన్నది. ఆటలోని మేధకు శాసనం చెక్కించుకోవలసిన అవసరం లేదు, దానిని చదివే ప్రజ లేదు. గెలుపు లెక్క ఉన్నది, కీర్తి లెక్క లేదు.

మరొక ఆక్షేపణ: ఇలాంటి ప్రత్యర్థి ఆటను నీరసపరచవచ్చు. కాని దయ చూపగల ప్రత్యర్థికి దయను నిరాకరించే స్వేచ్ఛ కూడా ఉంటుంది. దక్షిణాపథంలో విడిచిపెట్టిన సముద్రగుప్తుడే ఆర్యావర్తంలో విడిచిపెట్టలేదు. ఏది చేస్తాడో ముందుగా తెలియని అట్టి ప్రత్యర్థి, తప్పక మింగే ప్రత్యర్థి కంటె కఠినుడు.

ఉపసంహారం

ఫలితాలను పునరావృతం చేయడం చారిత్రకత కాదు. బలాబలాల అంకెలు సరిగా ఉండటం అవసరమే గాని చాలదు. ఆ కాలపు మనుషులు ఏ హేతువులతో యుద్ధానికి దిగారో, ఏ హేతువులతో ఆగారో ఆ హేతువులన్నీ ప్రత్యర్థికి అందుబాటులో ఉంచి, ఫలితాన్ని తెరిచి ఉంచడమే చారిత్రక న్యాయం. ఈ ఆటల ద్వారా గతాన్ని మొదటిసారి ఎరిగే యువకునికి ప్రాచీనులు కేవలం అవకాశం కోసం కాచుకున్న ఆకలిగొన్న రాజ్యాలుగా పరిచయమైతే, లోభం ఒక్కటే మానవ సహజమన్న పాఠం చరిత్ర పేరిట అతనికి అందుతుంది. శాసనాలు ఆ పాఠాన్ని పూర్తిగా సమర్థించవు. అవి దండయాత్రలను కీర్తించినట్లే, గెలిచి విడిచిపెట్టిన క్షణాలను కూడా కీర్తించదగినవిగా చెక్కి ఉంచాయి.