పాత కారులో కాపురమున్న జీవులు

నీరు వడకట్టి త్రాగుట, ప్రొద్దు గ్రుంకకముందే భుజించుట, ధాన్యము ఏరి వండుట - ఇవి మన ఇండ్లలో పిల్లలకు సైతము తెలిసిన నియమములు. వంటింటిలో ఇంత జాగ్రత్తపడు మనము పెరటి షెడ్డులో ఏండ్ల తరబడి కదలక నిలిచిన పాత కారును గూర్చి ఒక్కనాడైనను ఆలోచింపము. అది ఇనుప వస్తువు గదా, అందు జీవమెక్కడిది అని మన తలంపు. ఆ తలంపు ఎంత పొరపాటో నేను కోయంబత్తూరులో తెలిసికొంటిని. చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది. అయినను దాచుటకంటె చెప్పుటయే మేలు.

కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తెలుగువారి నివాసము నిన్నటిది కాదు. విజయనగర కాలము నుండియు, పిదప మధుర నాయకరాజుల దినములలోను వచ్చి స్థిరపడిన కుటుంబములు వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు మాటలాడుచు నేటికిని అక్కడ నున్నవి. కోయంబత్తూరు తెలుగువారికి మోటారు బండ్లతోడి సంబంధము కూడ పాతదే. కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి-పళని దారిని రవాణా ప్రారంభించిరి. అదే నగరమున అవినాశి రోడ్డుమీద 2015లో పాత కార్ల ప్రదర్శనశాల ఒకటి తెరువబడినది. కారును ఇంటి మనిషివలె చూచుకొను ఊరది. అందుచేతనే నడవని కారునుకూడ అమ్ముటకు మనసొప్పక షెడ్డులో నిలుపుకొను ఇండ్లు అక్కడ పెక్కు గలవు.

మాది స్పేరు పార్టుల వ్యాపారము. పీలమేడు వైపున ఒక నాయుడుగారి ఇంట చిరకాలముగా కదలని అంబాసిడరు కారొకటి మాకు బేరము కుదిరినది. షెడ్డు తలుపు తీయించి, పైనున్న టార్పాలిన్ లాగించి చూచితిని. తలుపుల అడుగున చేరిన మట్టిలో చీమల పుట్ట. డిక్కీలోని చెక్కపలకకు చెదలు. మన శాస్త్రము ననుసరించి ఇవి మూడింద్రియముల జీవులు. స్టీరింగు చుట్టును సాలెగూళ్లు, సైలెన్సరు గొట్టములో కందిరీగ కట్టిన మట్టిగూడు, ఇవి నాలుగింద్రియములవి. అద్దము సందున బల్లి గ్రుడ్లు, బానెట్టు క్రింద ఎలుకలు కొరికి పోగుచేసిన వైరుముక్కలు, వెనుక సీటు కొబ్బరిపీచులో ఉడుత చేసికొన్న గూడు. ఇవి పంచేంద్రియ జీవుల నివాసములు. ఒక్క కారులో ఇంత సంసారము!

పనివాడు "ఏం చేద్దాం సేఠ్‌గారూ?" అని అడిగినాడు. లారీ బయట నిలిచియున్నది. దాని బాడుగ నా తలలో నున్నది. "పొగపెట్టు, అవే పోతాయి" అంటిని. ఎలుకలు పరుగెత్తినవి. తల్లి ఉడుత గోడమీదికి దుమికి అరవసాగినది. పొగ తగ్గిన పిదప సీటు ఊడదీయగా, కన్నులైనను తెరువని మూడు ఉడుత పిల్లలు చచ్చిపడి యున్నవి. ఆ ఇంటి అవ్వ వచ్చి చూచి, నన్నేమియు అనలేదు. "ఈ తలుపు తీసి ఎన్నాళ్లయిందో మాకే గుర్తు లేదు నాయనా" అని మాత్రము అన్నది.

ఆ రాత్రి సమాధానములు వెదకుకొంటిని. పెద్దలు హింసను నాలుగు విధములుగా చెప్పుదురు: సంకల్పించి చేయునది, ఇంటి పనులలో జరుగునది, వృత్తిలో జరుగునది, ఆత్మరక్షణలో జరుగునది. గృహస్థుడు మొదటి దానిని పూర్తిగా విడువవలెను. తక్కినవి సాధ్యమైనంత తగ్గించుకొనవలెను. నేను చంపవలెనని సంకల్పింపలేదు. ఇది వృత్తిలో జరిగినదే గదా అని నన్ను నేను ఓదార్చుకొంటిని. కాని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో హింసను నిర్వచించుచు ప్రమాదమును, అనగా ఏమరుపాటును, దానికి మూలముగా చెప్పిరి. సీటు విప్పి చూచుటకు పావుగంట చాలును. ఆ పావుగంటను నేను లారీ బాడుగతో తూచితిని.

పొగపెట్టక గూటిని మెల్లగా తీసి చెట్టుపై పెట్టియుండిన దోషముండదా? మనము నిత్యము పఠించు ఇరియావహి సూత్రమును తలచుకొనుడు. చీమల పుట్టలు, సాలెగూళ్లు అందు పేర్కొనబడినవి. జీవులకు మనము చేయు పది విధముల బాధలను చెప్పుచు, ప్రాణము తీయుటతోపాటు ఒక చోటినుండి మరియొక చోటికి మార్చుటను కూడ ఆ పట్టికలో చేర్చిరి. చంపుటకంటె మార్చుట అల్పదోషమే. కాని అదియు క్షమాపణ కోరవలసినదే. తల్లి వెదకికొనలేని చోట పిల్లలను పెట్టుట వానిని కాపాడుట కాదు. ఆ సూత్రమును నేను ఆనాటి ఉదయముననే చదివితిని.

పోనిండు, కారును ముట్టక అట్లే విడిచిన సరిపోవునా? అదియు కాదు. పాత టైర్లలో నిలిచిన వాననీటిలో డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమలు పెరుగును. ఎలుకలున్న చోటికి పాము వచ్చును. పాము వచ్చిన చోటికి కఱ్ఱ వచ్చును. కొరికిన వైర్లనుండి నిప్పు పుట్టవచ్చును. వాడుకలోనున్న కార్లకును ఈ చిక్కు తప్పదు. పెట్రోలు వాసనకు వచ్చు ఒక జాతి సాలెపురుగు గాలిగొట్టములో గూడు కట్టుటచేత ట్యాంకు చీలు ప్రమాదమున్నదని మాజ్డా కంపెనీ 2011లో సుమారు 65,000 కార్లను పరీక్షకై వెనుకకు పిలిపించినది.

చంపినను, మార్చినను, విడిచినను దోషమే యైనచో, ఆ దోషము ఎప్పుడు మొదలైనది? ఎంత ఆలోచించినను నాకు అవ్వ మాటయే సమాధానముగా తోచుచున్నది. తలుపు తీయుట మానిననాడే మొదలైనది. గూడు కట్టిన జీవి అపరాధమేమియు లేదు. అక్కరలేని వస్తువును విడువకయు, చూడకయు ఉంచుకొన్న మన పరిగ్రహమే ఆ గూటికి చోటిచ్చినది. అదియే పిమ్మట హింసకు దారితీసినది.

ఉపాసకదశాంగములో ఆనంద శ్రావకుడు వ్రతము స్వీకరించునపుడు తన బండ్లకుకూడ మితి పెట్టుకొనెను: దూరప్రయాణములకు ఐదువందలు, స్థానికపు పనులకు ఐదువందలు. అంత పెద్ద సంఖ్యలో నిగ్రహమేమున్నదని కొందరు నవ్వుదురు. కాని ఆయనకు తన బండ్ల లెక్క తెలియును. మన గోదాములలో, షెడ్డులలో నిలిచిన బండ్ల లెక్క మనలో ఎందరికి తెలియును? శ్రావకుడు విడువదగిన పదిహేను వ్యాపారములలో బండ్ల వ్యాపారము, బండ్ల బాడుగ కూడ చేరియున్నవి. అది ఎద్దుల బాధను తలచి చెప్పినది, మోటారు బండికి వర్తింపదని వాదించువారున్నారు. ఎద్దు బాధ తప్పినమాట నిజమే. కాని ఉడుత బాధ తప్పలేదు.

మధుర చుట్టును గల కొండలు చూచినవారికి ఈ సంగతి మరింత తేటపడును. మాంగుళము కొండ గుహలలో మన మునులకై తొలిచిన రాతి పడకలు, రెండువేల ఏండ్లకు పైబడిన బ్రాహ్మీ శాసనములు నేటికిని ఉన్నవి. కీళకుయిల్‌కుడి చెంత సమణర్ మలైపై తీర్థంకరుల మూర్తులు గలవు. మునులు వాహనమెక్కరు, పురుగులు విరివిగా పుట్టు వర్షాకాలమున నాలుగు మాసములు ఒకే చోట నుందురు, తమ వస్త్రపాత్రలను దినమునకు రెండుమారులు పరీక్షించి చూచుకొందురు. దానినే ప్రతిలేఖన మందురు. గృహస్థులమైన మనము రాతిపై పండుకొనలేము. కాని చూచుట మాత్రము నేర్చుకొనవచ్చును.

2021లో కేంద్ర ప్రభుత్వము పాత వాహనములను తుక్కు చేయు విధానమును ప్రకటించినది. షెడ్డులలోని బండ్లు ఒక్కొక్కటిగా బయటికి వచ్చును. వానిని కొనువారిలో మనవారును ఉందురు. కనుక మనవి చేయుచున్నాను. నిలిచిన బండిని నెలకొకమారైనను తెరచి తుడువుడు. నీరు నిలువనీయకుడు. తినుబండములు అందుంచకుడు. నడచు బండినైనను కదలించుటకు ముందు బానెట్టును తట్టుడు. వెచ్చదనమునకై ఇంజను చెంత చేరు పిల్లులను కాపాడుటకు జపానులో నిస్సాన్ కంపెనీ 2015లో ఇదే మాటను ప్రచారము చేసినది. పనికిరాని బండిని జీవులు చేరకముందే ఇచ్చివేయుడు. అప్పటికే గూడున్నచో, పిల్లలు వెడలిపోవువరకు కొన్ని వారములు బేరమును ఆపుడు. నష్టమగునది కొంత బాడుగ, కొంత వడ్డీ. ఆ లెక్క మనము వేయగలము.

సంవత్సరీ దినమున సకల జీవులను క్షమింపుమని వేడుకొందుము. ఈ ఏడు ఆ మాట పలుకుటకు ముందు ఒక్కమారు షెడ్డు తలుపు తీసి చూడుడు. నేను చూడలేదు, ఆ మూడు పిల్లలకును, గోడమీద అరచిన తల్లికిని నా మిచ్ఛామి దుక్కడం.